ఎదురుకాళ్ళ రాయి

"మామ పైకి పోయాడా!"

నోటినిండా పేస్టు నురగతో డ్రిల్లు మాస్టారు పెట్టిన కేకకి బాత్రూం కిటికీ మీద కూర్చున్న పావురం లేచిపోయింది. వంటగదిలో పాలగిన్నె ముందు నిలబడ్డ ఆయన భార్య స్టవ్ తగ్గించి, తల బయటికి పెట్టింది.

"ఏ మామ?"

"ఎంతమంది ఉన్నారు నాకు మామలు? మీ నాన్న! ఇప్పుడేగా అన్నావు, మామ పైకి పోయాడని!"

"గామా అన్నానండీ. గామా పైకి పోయింది అన్నాను. అదీ మీతో కాదు, నాలో నేను అనుకున్నాను. మా నాన్న పోయి ఎన్నేళ్ళయింది? పోయినాయన మళ్ళీ ఎలా పోతాడు?"

"ఏమో, బతికున్న రోజుల్లో ఏ పనీ ఒక్కసారిలో పూర్తి చేసిన మనిషి కాదాయన," అని మాస్టారు నురగ ఉమ్మేసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నీలో నువ్వు అనుకునేవి కాస్త నీలోనే అనుకో తల్లీ."

తప్పు ఆయన చెవులది. తరాల తరబడి బడిపిల్లల చేత చేతులు పైకెత్తించి, కిందికి దింపించి, పక్కనే ఈల ఊది ఊది, చివరికి ఆయన చెవులు ఆయనకంటే ముందే రిటైరయ్యాయి. ఆమెదీ డ్రిల్లింగు ఆఫీసే. ఆయన డ్రిల్లు నేల మీద, ఆమె డ్రిల్లింగు నేల కింద. పెళ్ళయిన కొత్తలో చుట్టాలెవరైనా ఇద్దరి ఉద్యోగాల సంగతి అడిగితే, "నేను లాగు తొడుగుతాను, ఆవిడ లాగ్ చదువుతుంది" అని మాస్టారు పడీపడీ నవ్వేవాడు. చుట్టాలు నవ్వేవారు కాదు. వాళ్ళకు మొదటి లాగు ఒక్కటే తెలుసు.

బావి తవ్వాక అందులోకి తీగ కట్టి కొన్ని పరికరాలు దింపుతారు. అవి పైకి వస్తూ వస్తూ దారిపొడవునా రాళ్ళను పలకరించి, ఆ జవాబులను గీతలుగా గీసి పంపుతాయి. ఆ గీతల కట్టే లాగ్. ఆ గీతలు చదివే మనిషి కాబట్టి ఆఫీసులో ఆమెను అందరూ గీతమ్మ అంటారు. అసలు పేరు ఏదో ఉంది గాని, ఎవరైనా దానితో పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకుని దారి ఇస్తుంది.

గీతల్లో మొదటిది గామా. బంకమట్టికి నోరాగదు, ఎప్పుడూ సన్నగా కిరణాలు కక్కుతూ ఉంటుంది. గీత కుడికి వాలుతుంది. శుభ్రమైన ఇసుకరాయి నోరు మెదపదు. గీత ఎడమకు జరుగుతుంది. చాడీలు చెప్పేది మట్టి, గుట్టు దాచేది ఇసుక. ఇసుకరాయిలో రేణువుకీ రేణువుకీ మధ్య ఖాళీలెన్ని, ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దారి ఉందా లేదా, ఆ ఖాళీల్లో దాక్కున్నది చమురా ఉప్పునీరా, ఇవి తేల్చడం గీతమ్మ పని. రంధ్రాన్వేషణ చేసి నెలనెలా జీతం పుచ్చుకునే ఇల్లాలు లోకం మొత్తానికీ తన ఇంట్లోనే ఉందని మాస్టారు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

పాలు పొంగాయి. గీతమ్మ స్టవ్ కట్టేసి, పొంగిన పాలు తుడుస్తూ తుడుస్తూ గుడ్డతో రాతి గట్టు మీద ఒక వంపు గీసింది. కింద వెడల్పు, పైకి సన్నం. చెరిపింది. మళ్ళీ గీసింది.

"ఇవాళేగా మీ మీటింగు?" అన్నాడు మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"ఊఁ."

"ఊఁ అంటే?"

"మూడో బావి తవ్వుతారా లేదా తేలుతుంది. తవ్వుతామంటే అది పూర్తయ్యేదాకా నన్ను ఉంచుతామన్నారు. లేదంటే..." గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "లేదంటే ఇవాళ్టితో సరి, రిటైర్మెంటే."

"తవ్వుతార్లే. తవ్వకపోతే నా గతేంటి? పొద్దున్నించీ రాత్రిదాకా ఇంట్లో నువ్వుంటే నాలో రంధ్రాలు వెతకడం మొదలెడతావు." ఆయన నవ్వాడు గాని, నవ్వుతూ ఆమె వైపు చూసిన చూపులో నవ్వు లేదు. పెళ్ళాం కోరిక ఆయనకు తెలుసు.

ఆ కోరిక చిన్నది. గీతమ్మ తన సర్వీసులో ఎన్నో బావుల గీతలు చదివింది. కొన్ని ఎండిపోయాయి, కొన్ని ఉప్పునీళ్ళు పోశాయి, ఒకటి కొన్నాళ్ళు గ్యాసు దగ్గి ఊరుకుంది. కూతురు చిన్నప్పుడు, "అమ్మా, నీ బావిలో నీళ్ళెప్పుడొస్తాయి?" అని అడిగితే, "నీళ్ళు రాకూడదు బంగారూ, వస్తే మీ అమ్మ మొహం చెల్లదు" అని చెప్పేది. ఇప్పుడా పిల్లకే పిల్లలు. తాను సరేనన్న చోట తవ్వి, తాను చెప్పిన లోతులో, తాను చెప్పినందుకే చమురు పైకి వస్తుంటే పక్కన నిలబడి చూడాలి. ఒక్కసారి. అంతే. సహోద్యోగులందరికీ ఒక్కొక్క బావైనా ఉంది చెప్పుకోవడానికి. ఆమెకు బావలున్నారు గాని బావి లేదు.

బస్సులో సీటు దొరికింది గాని కూర్చోబుద్ధి కాలేదు. లేచి కడ్డీ పట్టుకుంది. పక్కనావిడ, "దిగుతారా?" అంటే తల అడ్డంగా ఊపి, అయినా తలుపు దగ్గరికి జరిగింది. చివరికి ఒక స్టాపు ముందే దిగి నడిచింది. కాళ్ళు ముందుకు పోతున్నాయి, మనసు మాత్రం రెండేళ్ళుగా తిరుగుతున్న చోటే తిరుగుతోంది.

సంగతి ఇది. మొదటి బావిలో లాగ్‌తో పాటు రాయినీ తీశారు. గొట్టపు డ్రిల్లుతో కోసి, చేయి లావు కడ్డీలాగా బయటికి లాగి, ముక్కలుగా చేసి పెట్టెల్లో పెట్టారు. దాన్ని కోర్ అంటారు. చమురును పట్టిచ్చే ప్రత్యేక దీపం కింద పెడితే ఆ రాయి పసుపుగా మెరిసింది, చమురు వాసన తగిలింది. అందరూ పండగ చేసుకున్నారు. కాని ఆ రాయి ఒకటి చెబుతోంది, గామా గీత ఇంకొకటి చెబుతోంది. గీత ప్రకారం మంచి ఇసుక అడుగున ఉంది, పైకి పోయేకొద్దీ మట్టి పెరుగుతోంది. రాయి ప్రకారం మట్టి అడుగున ఉంది, పైకి పోయేకొద్దీ ఇసుక బాగుపడుతోంది. మొదటిదైతే పాతకాలపు నది. రెండోదైతే పాతకాలపు సముద్రపు ఒడ్డు. నదైతే ఇసుక వంకర్లు తిరిగిన సన్నటి పాయలా ఉంటుంది, తప్పిపోతే మట్టే. ఒడ్డయితే ఇసుక దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, ఎక్కడ తవ్వినా తగులుతుంది.

గీతకీ రాయికీ తగువొస్తే ఆ ఆఫీసులో తీర్పు ఎప్పుడూ రాయివైపే. గీత వినికిడి సాక్షి, రాయి కళ్ళెదుటి సాక్షి. అందుకే ఆ ఇసుకలో అభ్రకం ఉందనీ, అదీ మట్టిలాగే కిరణాలు కక్కి గామాని తప్పుదారి పట్టించిందనీ సర్ది చెప్పి గొడవ ముగించారు. ఆ సర్దుబాటు వాక్యం రాసింది గీతమ్మే. రాసినప్పటి నుంచీ చెప్పులో ఇసుకరేణువు ఇరుక్కున్నట్టుంది.

ఆఫీసులో మోడల్ బాబు అప్పటికే కంప్యూటర్ ముందు ఉన్నాడు. మొహం చూసి పెట్టిన పేరు కాదు. నేల కింద పొరలన్నిటినీ తెర మీద రంగురంగుల బొమ్మగా కట్టడం అతని పని. ముప్ఫై దాటిన మనిషి, జుట్టు వెనకడుగు వేస్తోంది, గోళ్ళు కొరికే అలవాటు. మామూలప్పుడు మేడం అంటాడు, అవసరం పడితే పిన్నీ అంటాడు.

"పిన్నీ, వచ్చారా!"

గీతమ్మ బ్యాగు దించకుండానే అడిగింది. "ఏం కావాలి?"

"కోర్ ఫొటోలు. పాతవి మసగ్గా ఉన్నాయి. మీటింగులో తెర మీద పెద్దగా వేద్దామని. షెడ్డుకి వస్తారా? మీరైతే నీళ్ళు చల్లి చూపిస్తారు."

తెర మీద అతని బొమ్మ మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. పసుపు రంగు ఇసుక, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దుప్పటి పరిచినట్టు. దాని మీద మూడు కర్రలు. మొదటి బావి, రెండో బావి, తవ్వబోయే మూడోది. రెండో బావి దగ్గర పసుపు మధ్యలో బూడిదరంగు మచ్చ. అక్కడ ఇసుక ఉండాల్సిన చోట ఒట్టి మట్టి తగిలింది. అతను దానికి దుప్పటి అక్కడ చిరిగిందని రాశాడు.

"కొత్త దుప్పటి అంత తొందరగా చిరిగిందేం నాయనా?" అంది గీతమ్మ.

"అబ్బా, ఇవాళ వద్దు పిన్నీ! రెండేళ్ళు కూర్చుని నేసిన దుప్పటి అది."

కోర్ షెడ్డు ఆఫీసు వెనక. రేకుల కప్పు, పొడుగాటి బల్లలు, గోడల పొడవునా ఇనుప అరల్లో పెట్టెలు. తడిసిన సిమెంటు వాసనలో ఎక్కడో సన్నగా కిరోసిన్ వాసన. ఇద్దరూ కలిసి మూడు పెట్టెలు దించి బల్ల మీద వరసగా పేర్చారు. ఒకటో నంబరు పెట్టె పైది, మూడో నంబరు అడుగుది. ఒక్కొక్క పెట్టెలో సగానికి నిలువునా కోసిన రాతి కడ్డీలు, గోధుమరంగు, బూడిదరంగు, కోసిన వైపు నున్నగా.

గీతమ్మ నీళ్ళ సీసాతో పిచికారీ కొట్టింది. ఎండురాయి మీద కనబడని గీతలు తడవగానే లేచాయి. ఒక చోట నీటిబొట్టు రాతి మీద నిలవలేదు, చూస్తుండగా లోపలికి ఇంకిపోయింది. ఆమె వేలితో ఆ చోటును తట్టింది. "చూడు, ఎలా తాగుతోందో. దీనిలో దారులన్నీ తెరిచే ఉన్నాయి."

"మేడం, మీ నీడ పడుతోంది."

జరిగింది.

"ఇంకా పడుతోంది. అటెళ్ళండి, అవతలికి."

గీతమ్మ బల్ల చుట్టూ తిరిగి అవతలివైపు వెళ్ళింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. తోసుకుంది. తడిరాయి ఆమెకు తలకిందులుగా కనిపిస్తోంది. అక్కర్లేకపోయినా చూసింది. చూస్తూ ఉండిపోయింది.

ఆ రాతిలో వంపు తిరిగిన సన్నటి చారలు దొంతర్లుగా ఉంటాయి. ఇటునుంచి చూస్తే అవి చిన్నచిన్న గుట్టలు. సముద్రపు అలలు ఒడ్డు దగ్గర ఇసుకను గుట్టలుగా పోస్తాయి, కాబట్టి ఇది ఒడ్డు అన్నారు. ఇప్పుడు అటునుంచి చూస్తే అవి గుట్టలు కావు. గిన్నెలు. అడుగు గుండ్రంగా, పైన అంచులు ఎవరో కత్తిపెట్టి కోసేసినట్టు. పారే నీరు గుంట చేసి, ఆ గుంటను ఇసుకతో నింపి, మళ్ళీ వచ్చిన నీరు దాని పైభాగాన్ని చెక్కుకుపోతే ఇలా ఉంటుంది. గిన్నెలు బోర్లా ఉండవు. నది గిన్నెల్ని వెల్లకిలానే పెడుతుంది.

ఒకటో పెట్టె కొసన మట్టి బెడ్డలున్నాయి, పావలా కాసంత. నది మొదట పారేటప్పుడు అడుగునున్న మట్టిని పెళ్ళగించి ముక్కలుగా వదిలేస్తుంది. అవి ఎప్పుడూ అడుగునే ఉంటాయి. పెట్టెలో పైన ఉన్నాయి. ఆమెవైపు నుంచి చూస్తే అడుగున ఉన్నాయి.

"మేడం? చెయ్యి తీస్తారా?"

"నువ్విలా రా."

"ఫొటో..."

"ఫొటో తర్వాత. ముందిటు రా."

అతను వచ్చాడు. చూశాడు. గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆపాడు. షెడ్డు రేకుల మీద పిల్లి నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"పెట్టెలు తారుమారయ్యాయేమో," అన్నాడు గొంతు తగ్గించి.

"పెట్టెలా, రాయా?" గీతమ్మ అప్పటికే ఫోన్ తీసింది. ఆ రాయి బయటికి తీసినప్పుడు బావి దగ్గర ఉన్నది ఫోర్‌మన్ అన్నయ్య. ఇప్పుడు రిటైరై మనవళ్ళతో ఉంటున్నాడు. ఫోన్ ఎత్తగానే వెనక పిల్లల గోల, ఆ గోల మీద ఆయన గోల.

"ఎవరూ? గీతమ్మా! బావుండావామ్మా? మీ డ్రిల్లు బావ ఎట్టున్నాడు?"

"బానే ఉన్నాడన్నయ్యా. ఒక్క మాట చెప్పు. మొదటి బావిలో కోర్ తీశారే, పెట్టెలకి నంబర్లు నువ్వే వేశావా?"

"నేను గాక మా తాత వేస్తాడా?"

"ఎట్నుంచి వేశావు?"

"ఎట్నుంచేంటమ్మా? ముందొచ్చింది ఒకటి, తర్వాతొచ్చింది రెండు. మూడొచ్చాక ఒకటొస్తుందా ఎక్కడైనా?"

"ముందొచ్చేది ఏది?"

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇది తెలీదా నీకు? గొట్టాన్ని పైకెత్తి కింద బిళ్ళ విప్పుతాం. విప్పితే ఏం జారుద్ది? అడుగుది జారుద్ది. ఆ కడ్డీ ఎప్పుడూ కాళ్ళతోనే పుడుతుందమ్మా, తలతో పుట్టదు. ఎందుకూ, ఏవైంది?"

"ఏం లేదన్నయ్యా. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డని మేం రెండేళ్ళుగా తలకిందులుగా ఎత్తుకు తిరుగుతున్నాం."

"అయ్యో!" అన్నాడాయన, ఏమీ అర్థంకాక, అయినా మనస్ఫూర్తిగా. "ఇప్పుడు బానే ఉందా బిడ్డ?"

ఫోన్ పెట్టేసి గీతమ్మ పెట్టెల మీది నంబర్లను మళ్ళీ చూసింది. బావి దగ్గర ఒకటంటే ముందొచ్చినది, అంటే అడుగుది. షెడ్డులో ఒకటంటే పైది. పెట్టె తెరిచినవాళ్ళు నంబరు చూసి, పద్ధతిగా, శ్రద్ధగా, పైనుంచి కిందికి లోతులు రాసుకుంటూ వచ్చారు. ఎవరి పద్ధతిలో వాళ్ళది తప్పు కాదు. రెండు ఒప్పులు కలిసి ఒక పెద్ద తప్పయ్యాయి.

గీతమ్మ షెడ్డులో ఆ చివరికి నడిచింది, ఈ చివరికి వచ్చింది. అంటే గామా నిజమే చెప్పింది. ఇసుక దుప్పటి కాదు, పాయ. రెండో బావి దగ్గర ఏదీ చిరగలేదు, అక్కడ నది లేనే లేదు. మూడో బావి గుర్తుపెట్టిన చోట నది ఉందో లేదో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

"పిన్నీ," అన్నాడు మోడల్ బాబు. ఈసారి పిలుపులో అవసరం కంటే ఎక్కువేదో ఉంది. "ఇవాళ చెప్పొద్దు."

ఆమె ఆగింది.

"నా బొమ్మ పోతుందని కాదు. పోతే పోయింది, మళ్ళీ గీస్తా. మీ సంగతి చెబుతున్నా. ఇవాళ సరేనంటే బావి మొదలవుతుంది, మీరుంటారు. నది అటు కూడా వంపు తిరిగి ఉండొచ్చుగా? తగలొచ్చుగా? తగిలితే మీ బావే కదా అది?"

గీతమ్మ బల్ల అంచు పట్టుకుంది. అలా జరగకూడదని లేదు. నదులు ఎటైనా తిరుగుతాయి. గుడ్డిగా తవ్విన చోట్ల కూడా చమురు తగిలిన రోజులున్నాయి. పైకి వచ్చిన చమురు నల్లగానే ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. పక్కన నిలబడి చూడొచ్చు. మాస్టార్ని తీసుకెళ్ళొచ్చు. కూతురికి ఫోన్‌లో చూపించొచ్చు.

ఆమె ఎడమకాలు నేల మీద టకటకా కొట్టుకుంటోంది. దాన్ని చూసుకుని ఆపింది. అది మళ్ళీ మొదలుపెట్టింది.

"తగిలితే లాటరీ తగిలినట్టు," అంది చివరికి. "గీత చదివినట్టు కాదు."

"చూసేవాళ్ళకి తేడా తెలీదు."

"చూసేదాన్ని నేనేగా."

అతను ఇంకేదో అనబోయి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆమె అడక్కుండానే ఒక పెట్టె చివర పట్టుకున్నాడు. ఆమె రెండో చివర పట్టుకుంది. మూడు పెట్టెలూ తిప్పారు. మూడోది ఒకటో చోటికి, ఒకటోది మూడో చోటికి, తలలన్నీ తలలవైపు. గీతమ్మ లాగ్ కాగితం విప్పి రాళ్ళ పక్కన పొడవునా పరిచింది. గామా గీత ఎక్కడ కుడికి వాలితే అక్కడ రాతిలో మట్టి ఉంది, ఎక్కడ ఎడమకు జరిగితే అక్కడ ఇసుక ఉంది. విడాకుల దాకా వెళ్ళిన జంట రాజీపడినట్టు రెండూ ఒద్దికగా పక్కపక్కన పడుకున్నాయి.

మీటింగు గదిలో ఏసీ చల్లగా ఉంది. పెద్దసారు భారీ మనిషి, కుర్చీ ఆయన్ని మోస్తున్నట్టు కాక భరిస్తున్నట్టు కనిపిస్తుంది. పెన్ను బటన్ నొక్కుతూ, వదులుతూ ఉంటాడు. ఆయన పక్కన పై ఆఫీసు నుంచి వచ్చిన సన్నటాయన. బల్ల చుట్టూ మిగతావాళ్ళు.

"గీతమ్మగారు ఓకే అంటే చాలు, తవ్వేద్దాం," అన్నాడు పెద్దసారు ఉత్సాహంగా. "ఆవిడ గీసిన గీత మనమెవరం దాటం."

"దాటాల్సొచ్చిందండీ," అంది గీతమ్మ. లేచి నిలబడింది. నిలబడ్డప్పుడే ఆమెకు కాస్త ఊపిరాడింది. "మన కోర్ తలకిందులుగా ఉంది."

పెన్ను చప్పుడు ఆగింది.

"అంటే?"

"నాలుగంతస్తుల మేడ అనుకోండి. కింద నుంచి ఎక్కేవాడు అడుగుదాన్ని ఒకటో అంతస్తు అంటాడు. మేడ మీద నుంచి దిగేవాడు పైదాన్ని ఒకటో అంతస్తు అంటాడు. ఎక్కేవాడు నంబర్లు రాశాడు. దిగేవాళ్ళం మనం చదివాం. బావి దగ్గర రాయి బయటికొచ్చేటప్పుడు అడుగు ముక్క ముందొస్తుంది, దానికి ఒకటి వేశారు. ఫోర్‌మన్‌ని అడిగాను. మన షెడ్డులో ఒకటంటే పైది. అంతే జరిగింది."

సన్నటాయన ముందుకు వంగాడు. "అంత మాత్రాన రాయి తిరగబడిందని ఎలా చెబుతారు?"

మోడల్ బాబు తెర మీద ఫొటో వేశాడు. ముందు పాత వరస. తర్వాత అదే ఫొటో తిప్పి. ఎవరూ అడక్కుండానే అతనే చెప్పాడు, గుట్టలు కావివి గిన్నెలని, మట్టి బెడ్డలు అడుగున ఎందుకుంటాయో, గామా ఇప్పుడు రాయితో ఎలా కలిసిందో. చెబుతూ చెబుతూ తన పసుపు దుప్పటిని తెర మీద నుంచి తానే తీసేశాడు.

గదిలో ఒకరు నవ్వాపుకోలేక దగ్గారు. పెద్దసారు అటు చూసి, తానే ముందు నవ్వేశాడు. "అంటే రెండేళ్ళుగా మనం శీర్షాసనం వేసిన రాతికి దండాలు పెడుతున్నామన్నమాట!"

"మనం నిలబడే ఉన్నామండీ, అదే నయం," అంది గీతమ్మ. ఈసారి అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

"తప్పెవరిది?" అన్నాడు సన్నటాయన.

"నంబరు వేసినాయనది కాదు, చదివినవాళ్ళది కాదు. గీతా రాయీ కొట్టుకుంటుంటే అభ్రకం మీదికి నెట్టేసింది నేను. అది రాసుకోండి."

"చమురు లేదంటారా?"

"ఉండొచ్చు. నది ఉన్న చోట ఉంటుంది. నది ఎటు వంపు తిరిగిందో మళ్ళీ మొదటి నుంచి చూడాలి. రాతి ముక్కొకటి ల్యాబుకి పంపి రేణువులు చూడాలి, పొరలన్నీ మళ్ళీ కట్టాలి."

"ఎన్నాళ్ళు?"

"ఏడాది పట్టొచ్చు."

పెద్దసారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మూడో బావి ఆగింది. ఆ మాట ఆయన అనలేదు. ముందున్న కాగితాన్ని సన్నటాయన వెనక్కి తీసుకుని మడిచాడు, అంతే. లేచి వెళ్ళేటప్పుడు పెద్దసారు గీతమ్మ దగ్గర ఆగి, "మీ సంగతి మరి... ఆ బావితో ముడిపెట్టి ఆర్డరు..." అని నసిగాడు.

"తెలుసండీ."

"రేపట్నుంచి సెలవులు కూడా. సరిగ్గా ఒక సన్మానమైనా..."

"ఈ ఏసీలో ఇంకాసేపు కూర్చుంటే శాలువా నేనే అడిగేదాన్ని," అంది. ఆయన నవ్వి, ఆ నవ్వుతోనే తప్పించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం షెడ్డులో రేకుల సందుల్లోంచి వెలుతురు పలకలు పలకలుగా బల్ల మీద పడుతోంది. ల్యాబుకి పంపే ముక్క తానే తీస్తానంది గీతమ్మ. మంచి ఇసుక ఉన్నచోట, చేతివేలు పొడవు ముక్కను రంపంతో కోయించి, తుడిచి, గుడ్డలో చుట్టి, సంచిలో వేసి మోడల్ బాబుకి ఇచ్చింది. "ఎటు పై, ఎటు కింద, సంచి మీద నువ్వే రాయి. నేను రాస్తే మళ్ళీ ఎవరో ఇంకెట్నుంచో చదువుతారు."

"రాస్తా మేడం." తలెత్తలేదు. "నది దొరికితే ఫోన్ చేస్తా."

"ఫోన్‌లో గట్టిగా చెప్పు. ఎత్తేది మా ఆయనైతే వదిన దొరికిందని ఊరంతా చెబుతాడు."

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది. మాస్టారి నుంచి ఫోన్ వచ్చింది.

"ఏవైంది? సంతకం పడిందా?" ఆయన అరుపు షెడ్డంతా వినిపించింది.

"పడలేదు. ఆగింది."

"ఆగిందా? ఎవరాపారు?"

"నేనే."

వినపడలేదేమోనని ఆమె మళ్ళీ చెప్పబోయింది.

"వినపడిందిలే," అన్నాడు మాస్టారు, మామూలుగా ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా. "బస్టాపుకి వస్తాను. బ్యాగు బరువుంటుందేమో."

బ్యాగులో బరువేమీ లేదు. కళ్ళజోడు పెట్టె, ఖాళీ టిఫిన్ డబ్బా, ఒక గొడుగు. అయినా రమ్మంది. షెడ్డు తలుపు దాటేటప్పుడు కాలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వడివడిగా కదిలింది. గేటు దగ్గర ఎప్పటిలాగే తల ఊపింది, ఎప్పటిలాగే బస్సు వచ్చింది, ఈసారి కూడా సీటుంది, ఈసారి కూడా ఆమె కూర్చోలేదు.

మోడల్ బాబు ఒక్కడే పెట్టెలు ఎత్తి అరలో పెట్టాడు. రాయి తీసిన చోట ఖాళీగా వదలకూడదు, మిగతా ముక్కలు జరిగిపోతాయి. అందుకని గీతమ్మ ఆ సందులో ఒక చెక్కముక్క దూర్చి, దాని మీద పెన్సిలుతో లోతు రాసి వెళ్ళింది. ముదురు గోధుమరంగు రాళ్ళ మధ్య అది తెల్లగా, కొత్తగా, ఇంకా రంపపు పొట్టుతో ఉంది. కొలత కాస్త తగ్గింది కాబోలు, పెట్టెను అరలోకి తోస్తుంటే రాళ్ళన్నీ ఊరుకున్నా ఆ చెక్కముక్క ఒక్కటే అటూ ఇటూ కదులుతూ టకటకలాడుతోంది.